రెండో అంకె

కిందటి వారం మీరు నన్ను వదిలిపెట్టేసరికి మేడ మీద మా తోడికోడలి తలుపు ముందు, బెల్లు మీద వేలు పెట్టి నిలబడి ఉన్నాను. వారమంతా అలాగే నిలబడ్డానని అనుకోకండి, నొక్కేశాను. అయితే అంత కోపం నాకెందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పాలి. లేకపోతే నన్ను వట్టి గయ్యాళి అనుకుంటారు. పాతవాళ్ళు ఎలాగూ అనుకుంటున్నారు.

నేను దుబాసిని. చెవులు వినపడనివాళ్ళు సైగల్లో చెప్పింది పైకి మాటల్లో చెబుతాను, ఆఫీసర్లూ డాక్టర్లూ నోటితో అన్నది చేతులతో చూపిస్తాను. ఇంట్లో వెనక గదిలో, కంప్యూటరు ముందు కూర్చునే చేస్తాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒక బట్టల ఫ్యాక్టరీ కేసు. అక్కడ మంటలు లేచినప్పుడు వెనక తలుపుకి తాళం వేసి ఉంది, లోపల మనుషులు పోయారు. ఆ తాళం ఎవరు వేశారో చూసింది ఒకే ఒక్క మనిషి, వినపడని ఒక కుట్టుపనావిడ.

పోయిన విచారణలో ఆఫీసరు గారు ఆవిడని అడిగారు, వాచ్‌మన్ ఆ పూట తలుపు దగ్గర ఉన్నాడా, ఉంటే తాళం వేసింది అతనేనా అని. నేను చేతులతో చూపిస్తూ ఉండగా ఆవిడ తెర మీద నా బొమ్మ బిగుసుకుపోయింది. ఆవిడకి అందింది మొదటి సగమే. ఉన్నాడు అని తల ఊపింది. ఆ తల ఊపుని రెండో సగానికి కూడా జవాబుగా రాసేసుకున్నారు. నా తెర మీద ఆవిడ బొమ్మ శుభ్రంగా కదులుతూనే ఉంది కాబట్టి ఆ క్షణంలో నాకేమీ తెలియలేదు. తర్వాత రికార్డు చూస్తే తల కొట్టేసినట్టయింది. కాళ్ళావేళ్ళా పడితే ఇంకొక్కసారి అడగడానికి ఒప్పుకున్నారు. అది ఇవాళ, మధ్యాహ్నం. ఈసారీ లైను పోతే ఉన్న కాగితంతోనే ముగిస్తామన్నారు. అంటే ఆ ముసలి వాచ్‌మన్ చెయ్యని తప్పుకి లోపలికి వెళతాడు, కారణం నా ఇంట్లో నెట్ లైను.

మా ఇంటికంతటికీ ఒకటే లైను. కింద అత్తయ్య, మా ఆయన, నేను. పైన బావగారు, తోడికోడలు. నేను ఆవిణ్ణి అక్కా అంటాను. బావగారిది కొట్లకీ గోడౌన్లకీ కెమెరాలు బిగించే పని, ఆ లైను లాగి వైఫై పెట్టె ముందు గది గోడకి కొట్టింది ఆయనే. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆయన లెక్కలో లోకంలోని ప్రతి రోగమూ ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే పోతుంది. ఆ వైద్యం పెట్టెకీ చేశాడు, నా మీద కూడా చేద్దామనుకున్నాడు కానీ నా మొహం చూసి మానుకున్నాడు.

కంపెనీ మనిషిని పిలిపించాం. అతనొచ్చి సరిగ్గా పెట్టె కింద నిలబడి ఫోనులో స్పీడు టెస్టు నొక్కాడు. తెర మీది ముల్లు ఒక్క ఊపున చివరిదాకా పోయింది. వందకి తొంభై దాటి వస్తుంటే ఇంకేం కావాలి మేడం అని, నేనేదో లేని రోగం పెట్టుకున్నానన్నట్టు నవ్వి వెళ్ళిపోయాడు. నేనూ ఆ టెస్టు ఫోనులో పెట్టుకున్నాను. నొక్కినప్పుడల్లా అదే తొంభై. లైను బాగుండి నా చేతులు బిగుసుకుపోతున్నాయంటే, మధ్యలో ఎవరో ఉన్నారన్నమాట. నాకు అక్కడ మొదలైంది అనుమానం. ఒకసారి మొదలైతే నాకది త్వరగా తగ్గదు.

అసలు సంగతి ఆ టెస్టు తెర మీదే ఉంది, అందరం చూస్తూ చూడనిది. అక్కడ అంకెలు రెండు. పెద్ద అక్షరాల్లో ఊరించేది పైనది, బయటి నుంచి మన ఇంటికి వచ్చేది ఎంతో చెబుతుంది. కింద చిన్నగా, ముడుచుకుని కూర్చున్నది రెండోది. మన ఇంటి నుంచి బయటికి వెళ్ళేది ఎంతో అది చెబుతుంది. సినిమాలు చూసుకునేవాళ్ళకి మొదటిది చాలు. నా చేతులు మాత్రం ఇంట్లోంచి బయటికి వెళ్ళాలి కదా. మేం తీసుకున్న ప్లానులో ఆ రెండో అంకె చెంచాడే. ఇన్నాళ్ళూ నేను బిందె చూసి మురిసిపోయాను.

అప్పటి నుంచి ఆ చెంచా మీద ఓ కన్నేసి ఉంచాను. తెలిసింది ఏమిటంటే, ముందు గదిలో కూర్చుని చూస్తే అది ఉండాల్సినంత ఉంటుంది. వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోగానే నేల మీద పాకుతుంది. గోడలు అడ్డమేమో అనుకుని పెట్టె నుంచి నా గదిదాకా వైరు లాగించుకున్నాను. వైరుకి గోడలతో పనిలేదు. అయినా అంతే. తలుపు తీస్తే బాగుంటుంది, వేస్తే పడిపోతుంది. నేను తలుపు వేసుకోవడం కనిపెట్టి ఎవరో ఏదో చేస్తున్నారు. ఇంట్లో అలాంటి పని ఎవరికుంది? అక్క మేడ మీద గదిలో నిలబడి, ఎక్కడెక్కడి ఆడవాళ్ళకో వీడియోలో వ్యాయామం నేర్పుతుంది. ఆవిడ చేతులూ కాళ్ళూ కూడా నా చేతుల్లాగే బయటికి వెళ్ళాల్సినవి. అందుకని బెల్లు నొక్కాను.

అక్క తలుపు తీసింది. భుజాన తువ్వాలు, మొహంలో ఆశ్చర్యం లేదు. నేను వస్తానని తెలిసినట్టే పక్కకి తప్పుకుని దారిచ్చింది. నేను కూర్చోలేదు. నా విచారణ వేళల్లో క్లాసులు పెట్టుకోవద్దని ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదేమో కానీ, చెప్పకపోయినా తెలుసుకోవలసిన వయసేనని పుల్లవిరుపుగా అనేశాను. ఒక మనిషి బతుకు ఆ లైను మీద వేలాడుతోందని కూడా అన్నాను. అక్క తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అంతా విన్నది. తర్వాత నిదానంగా చెప్పింది. నాకు ఈ పెద్ద కేసు వచ్చిందని తెలిసిన వారం నుంచే తన మధ్యాహ్నం క్లాసులన్నీ పొద్దున్నకి మార్చేసుకుందట. ఇద్దరు ముగ్గురు పొద్దున కుదరదని మానేశారట కూడా.

"మరి నాకు చెప్పలేదేం అక్కా?"

"చెబితే నీ నెత్తిన పెట్టినట్టుంటుందని చెప్పలేదు. ఇప్పుడు నువ్వు నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే చెప్పాల్సొచ్చింది."

నాకు సిగ్గేసింది. కానీ అనుమానం సిగ్గుపడి వెళ్ళిపోయే రకం కాదు. నమ్మకం కుదరక అక్కడే ఫోను తీసి టెస్టు నొక్కాను. రెండో అంకె సగానికి సగం పడిపోయి ఉంది. చూశావా అన్నట్టు తల ఎత్తేసరికి అక్క చేతిలోనూ ఫోను ఉంది, ఆవిడా అదే టెస్టు నొక్కి నా వైపు అదే చూపు చూస్తోంది. తన పొద్దున్న క్లాసులు కూడా ఈ మధ్య తెగిపోతున్నాయట. కింద నేనేదో పెట్టానని ఆవిడ అనుమానం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని మళ్ళీ నొక్కాం. మళ్ళీ ఇద్దరికీ సగమే. మూడోసారి నొక్కబోతుంటే అక్కకే ముందు తట్టింది.

"ఆగు. నువ్వు నొక్కకు. నేనొక్కదాన్నే చూస్తాను."

తనొక్కతే నొక్కితే నిండా వచ్చింది. తర్వాత తను ఆగి నేను నొక్కితే నాకూ నిండా వచ్చింది. మేం ఇద్దరం తువ్వాలు మధ్యన పెట్టుకుని మంచం మీద కూలబడ్డాం. కుళాయి ఎంత ధారగా వస్తుందో తెలియాలంటే పూర్తిగా తిప్పి వదలాలి. ఈ టెస్టూ అంతే చేస్తుంది, పట్టినంతా ఒక్కసారిగా పోసి చూస్తుంది. అది పోస్తున్నంతసేపూ ఇంట్లో ఇంకెవరికీ చుక్క మిగలదు. నేను అనుమానంతో నొక్కినప్పుడల్లా పైన అక్క క్లాసు తెగింది. అక్క అనుమానంతో నొక్కినప్పుడల్లా కింద నా లైను పాకింది. దొంగని పట్టుకోవడానికి ఇద్దరం దొంగతనాలు చేశాం. చాలా రోజుల తర్వాత అక్కా నేనూ కలిసి నవ్వుకున్నది అప్పుడే.

ఇక ఏ లోటూ ఉండకూడదని పైన ఉన్నవన్నీ ఆపేశాం. అక్క తన ఫోను ఆపి నా చేతిలో పెట్టింది. బావగారు పొద్దున్నే ఎక్కడికో బయలుదేరి వెళ్ళారు, ఆయన కంప్యూటరు తీగ గోడలోంచి ఊడబీకింది. కిందికి వచ్చి టీవీ కూడా ఆపేశాను, అదీ నెట్ మీదే నడిచేది. మామూలుగా నేను పనిలో ఉన్నప్పుడు ముందు గదిలో టీవీ మోగుతూ ఉంటుంది, నేను గది లోపల చెప్పేది బయటికి వినపడకుండా. ఇవాళ లైను ముఖ్యమనిపించింది. అత్తయ్య టీవీ పోయిందని ఏమీ అనలేదు, వెళ్ళు వెళ్ళు నీ పని చూసుకో అంది.

వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. విచారణ మొదలవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. మనసు ఆగక ఆఖరుసారి నొక్కి చూశాను.

రెండో అంకె నేల మీద పాకుతోంది.

అక్క ఫోను నా ఒళ్ళోనే ఉంది, చచ్చినట్టు పడి ఉంది. మా ఆయన ఏ లిఫ్టు గుంటలోనో ఉన్నాడు. టీవీ లేదు. మేడ మీద ఏదీ వెలగడం లేదు. అక్కని అనవసరంగా అన్నానని అంతసేపూ ఉన్న బాధంతా పోయి, మళ్ళీ ఆవిడ మీదే అనుమానం లేచింది. ఇంకో ఫోను దాచిందేమో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, ఒకరి మీద నమ్మకం పెట్టుకోవాలంటే ముందు అందరినీ వడగట్టాలి. చెప్పులు విప్పి, గడియ చప్పుడు కాకుండా తీసి, తలుపు ఓరగా జరిపి చూశాను.

పెట్టె కింద కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. చేతిలో ఫోను, దాని మీద ముల్లు. ముల్లు పైకి పోయి, కిందికొచ్చి, ఆగింది. అత్తయ్య వెంటనే మళ్ళీ నొక్కింది. ఊయల్లో పాపని ఊపుతున్నంత ఓపికగా ఉంది ఆ మొహం. ఈ ఇంట్లో నేను అనుమానించని మనిషి ఆవిడొక్కతే. తన చెల్లెలితో మాట్లాడటానికి తప్ప ఆ ఫోను దేనికీ వాడదని నా నమ్మకం.

నన్ను చూసి ఆవిడ ఉలిక్కిపడలేదు. "ఏమ్మా, సరిగా వస్తోందా?" అని అడిగింది. ఏం చేస్తున్నారని అడిగితే ఎంతో గొప్ప పని చేస్తున్న సంబరంతో చెప్పింది. లైను మందగించకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఇది నొక్కుతూ ఉండాలట, బోరింగు కొడుతూ ఉంటేనే నీళ్ళు వచ్చినట్టు. నేను తలుపు వేసుకోగానే మొదలుపెట్టి, తీసేదాకా కొడుతుందట. చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో కొడుతుందట. నేను కష్టపడుతుంటే తను ఊరికే కూర్చోలేక, తన వంతు సాయం.

నాకు ఏడుపొచ్చింది. ఆ పోయిన విచారణలో ఆవిడ ఇక్కడే, ఈ కుర్చీలోనే, నా మంచి కోరి నా చేతులు కట్టేసింది. కోప్పడదామంటే ఆ వేళ్ళు చూస్తే నోరు రాలేదు. పక్కన కూర్చుని, ఫోను మెల్లగా తీసుకుని ఆపేసి, ఇక నొక్కనక్కరలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. లైను బాగైపోయిందని అబద్ధమాడాను. అప్పుడే తోచింది అడగాలని. అత్తయ్యకి ఫోనులో అక్షరం పెద్దది చేసుకోవడం కూడా రాదు, ఈ టెస్టు ఎలా దిగింది?

"ఇది మీకు ఎవరు పెట్టిచ్చారు అత్తయ్యా?"

"ఇంకెవరు, పెద్దాడే. నీకేదో ఫ్యాక్టరీ మంటల పెద్ద కేసు వచ్చిందన్నావే, ఆ సాయంత్రమే పెట్టిచ్చాడు. నువ్వు తలుపేసుకున్నప్పుడల్లా వదలకుండా నొక్కమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, మొహమాటపడతావని."

బావగారు. లైను లాగిన మనిషి. ఏ తీగలో ఎంత వెళుతుందో, ఏది నొక్కితే ఏది ఆగుతుందో రోజూ చేతులతో చూసే మనిషి. మా అత్తయ్యకి తెలియకపోవచ్చు, నాకూ అక్కకీ ఇవాళ్టిదాకా తెలియకపోవచ్చు. ఆయనకి తెలియదంటే నేను నమ్మను. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసే వ్యవధి లేదు, లోపల కంప్యూటరు పిలుస్తోంది. అక్కని కిందికి రమ్మని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టాను, ఎవరి చేతిలోనూ ఫోను లేకుండా చూడమని. ఎందుకో మాత్రం చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియందే ఆవిడకేం చెప్పను?

తెర తెరుచుకుంది. ఒక పక్క ఆఫీసరు గారు, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా. ఇంకో పక్క కుట్టుపనావిడ, ఏదో ఆఫీసు గదిలో ఒంటరిగా. నా చేతులు కనిపిస్తున్నాయా అని అడిగాను. బాగా, చాలా బాగా అని చూపించింది. నేను వేలు కదిపితే అదే క్షణంలో ఆవిడ కళ్ళు కదిలాయి. ఇన్ని రోజులుగా అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

ఆఫీసరు గారు ఈసారి ప్రశ్న ముక్కలు చేసి అడిగారు. వాచ్‌మన్ తలుపు దగ్గర ఉన్నాడా? ఉన్నాడు, పొద్దున. తాళం వేసినప్పుడు? లేడు, అతన్ని అప్పటికే గేటు దగ్గరికి పంపేశారు. ఆ మాట నేను పైకి చెబుతుంటే సంతోషం ఆగలేదు. ఆ ముసలాయన బయటపడ్డట్టే అనుకున్నాను. తర్వాత ఆయన అడిగారు, మరి తాళం వేసింది ఎవరు.

ఆవిడకి అతని పేరు తెలియదు. వినపడనివాళ్ళు పేరు తెలియని మనిషిని, ఆ మనిషిలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదేదో చేసి చూపించి చెబుతారు. ముందు నిచ్చెన చూపించింది. నిచ్చెనెక్కి మూలన కెమెరా బిగించే మనిషి. తర్వాత పెదాల మధ్య మరమేకులు వరసగా గుచ్చుకుని, నోటి పక్క నుంచి మాట్లాడుతున్నట్టు మొహం పెట్టింది. రెండు చేతులతో రెండు జేబులూ తట్టి చూసుకుంది, పోయిందేమోనని వెతుకుతున్నట్టు. ఎడమ కనుబొమ్మని నడిమికి చీల్చినట్టు గోటితో గీసి చూపించింది. అతను నిచ్చెన దిగి, వెనక తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడని చూపించింది.

ఆ మొహం నేను చూసిందే. ఈ ఇంట్లో ఫ్యాను బిగించినా, నా గదికి వైరు లాగినా, మా బావగారు మేకులు అలాగే పెదాల మధ్య పెట్టుకుంటారు. దిగాక జేబులు అలాగే తట్టుకుంటారు. ఎడమ కనుబొమ్మ చిన్నప్పుడు కిటికీ రెక్క తగిలి చీలిందని అత్తయ్య ఎన్నిసార్లు చెప్పిందో.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎదుటివాళ్ళు నేను అంటే దుబాసి కూడా నేను అనే చెప్పాలి, ఆవిడ అంటోంది అని పక్కకి తప్పుకోకూడదు. చూపించింది ఒక్కటీ వదలకూడదు. సొంతవాళ్ళు చిక్కుకున్న కేసులో కూర్చోకూడదన్న నియమమూ ఉంది. ఇప్పుడు ఆ మాట చెప్పి లేచిపోతే ఆవిడ సాక్ష్యం గాలికి పోతుంది, పాత కాగితమే మిగులుతుంది, వాచ్‌మన్ లోపలికి పోతాడు. చెబితే, టీవీ లేని ఈ ఇంట్లో ప్రతి అక్షరమూ తలుపు అవతలికి వినపడుతుంది. అక్కడ ఆయన తల్లీ, ఆయన భార్యా కూర్చుని ఉన్నారు. లైను తెగిపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. తెగలేదు.

"ఏం చెప్పిందమ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"నేను చూశాను," అన్నాను. "తాళం వేసింది వాచ్‌మన్ కాదు. కెమెరాలు బిగించడానికి వచ్చినతను, నిచ్చెన దిగి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మేకులు పెదాల మధ్య పెట్టుకుంటాడు, జేబులు తట్టి చూసుకుంటాడు. ఎడమ కనుబొమ్మ చీలి ఉంటుంది."

బయట అత్తయ్యా అక్కా ఏదో మాట్లాడుకుంటున్న సద్దు ఒక్కసారిగా ఆగిపోయింది.

గుమాస్తా రాసుకుంటున్నాడు. నేను తెర వైపు చూశాను. కుట్టుపనావిడ రాసుకునే అతన్ని చూడటం లేదు, ఆఫీసరునీ చూడటం లేదు. నన్నే చూస్తోంది. చెవులు వినపడని మనిషి, జీవితమంతా మొహాలు చదివి బతికిన మనిషి. నా చేతులతో పాటు నా మొహం కూడా వెళ్ళి ఆవిడ ముందు నిలబడి ఉంది, ఎక్కడా బిగుసుకోకుండా, ఒక్క రెప్పపాటు కూడా తెగకుండా. ఆవిడ చెయ్యెత్తి, నా వైపు వేలు చూపించి, నెమ్మదిగా, నేను పొరపాటున కూడా తప్పు చదవడానికి వీల్లేనంత స్పష్టంగా చూపించింది.

నీకు అతను తెలుసు. అతను మీ ఇంటి మనిషి.

"ఇప్పుడేమందమ్మా?" అని అడిగారు ఆఫీసరు గారు.